తొడ కవచం జారుతుంటే పట్టీలు బిగించకండి

పాతకాలపు యూరప్ యోధుల తరహా రేకుల కవచం వేసుకుంటే తొడ కవచం జారడం, మెట్టెక్కితే మోకాలిని కప్పే రేకు చిప్ప పట్టేయడం, కూర్చుంటే ఛాతీ పలక గొంతుకు తన్నడం: మీరు రాసిన మూడిట్లో మొదటి రెండింటికీ మూలం ఒకటే. పట్టీ పని రేకును కాలికి అంటిపెట్టి ఉంచడం వరకే, బరువు మోయాల్సింది నడుము. 15వ శతాబ్దపు యూరప్ పద్ధతిలో లోపల వేసుకునే ఆర్మింగ్ డబ్లెట్ (కవచం కట్టుకోవడానికి వీలుగా కుట్టిన దళసరి చొక్కా) నడుము దగ్గర గట్టిగా పట్టి ఉండాలి. తొడ కవచం పైఅంచు తోలుకు, డబ్లెట్‌కు రంధ్రాలు పెట్టి, మైనం పట్టించిన తాళ్లతో కట్టండి. పట్టీలు బిగిస్తే తిమ్మిరే మిగులుతుంది.

ఇలా వేలాడదీశాకే మోకాలు చూడండి. మడిచినప్పుడు చిప్ప పక్క రివెట్ (రేకులను కలిపి ఉంచే మేకు) మీ మోకాలి కీలుకు సూటిగా ఉండాలి. సెంటీమీటరు కిందికి దిగినా రేకులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఎత్తు సరిపోయినా బిగుసుకుంటే రివెట్లు మరీ గట్టిగా కొట్టారన్నమాట. వాటిని తీసి, రెండు రేకుల మధ్య పోస్టుకార్డు మందం అట్టముక్క పెట్టి మళ్లీ కొట్టండి. తర్వాత అట్ట లాగేస్తే ఆ సందే కదలికకు చాలు. ఒక చుక్క నూనె వేయండి.

ఛాతీ పలకది వేరే సంగతి. పక్కకు వంగితే ఒంటికి మడత పడేచోటే దాని కిందిఅంచు ఆగాలి. తుంటి ఎముక మీదికి దిగితే, కూర్చున్నప్పుడు తొడలు దాన్ని పైకి నెడతాయి. కుర్చీలో కూర్చుని మార్కర్‌తో గీత గీయండి. అంచు మడవడానికి సెంటీమీటరు వదిలి కోయండి. కోసింది మళ్లీ అతకదు, కాబట్టి మొదట తక్కువే కోయండి.