సంతకం పెట్టని డికిన్సన్

ప్రశ్న: బ్రిటిష్ పన్నులను తీవ్రంగా విమర్శిస్తూ లేఖలు రాసిన న్యాయవాది జాన్ డికిన్సన్, 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను వ్యతిరేకించారని చదివాను. ఆయనను పిరికివారనుకోవాలా, రాజభక్తులనుకోవాలా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రెండూ కావు. చట్టం తన పక్షాన ఉన్నంతవరకు కోర్టు మెట్లు దిగకూడదనుకునే వకీలు ఆయన. 1732లో మేరీలాండ్‌లో, బానిసల చేత పొగాకు పండించే సంపన్న కుటుంబంలో పుట్టిన డికిన్సన్, లండన్‌లో మిడిల్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థలో న్యాయశాస్త్రం చదివి, 1757లో తిరిగివచ్చి ఫిలడెల్ఫియాలో ప్రాక్టీసు పెట్టారు.

గాజు, కాగితం, రంగులు, సీసం, తేయాకుల మీద పార్లమెంటు 1767లో సుంకాలు విధించినప్పుడు, ‘పెన్సిల్వేనియా రైతు’ పేరుతో పత్రికలలో పన్నెండు లేఖలు రాసింది ఆయనే. (పొలాలు ఉన్నమాట నిజమే గానీ, ఆ రైతు నగరంలో పేరుమోసిన లాయరు.) వర్తకాన్ని క్రమబద్ధం చేయడానికి వేసే సుంకం వేరు, ఖజానా నింపుకోవడానికి వేసేది వేరు అన్నది ఆయన వాదన. గాజునూ కాగితాన్నీ బ్రిటన్ నుంచి తప్ప మరెక్కడా కొనకూడదని ఒక చట్టం కట్టడి చేస్తుండగా, వాటి మీదే మరో చట్టం సుంకం వేస్తే తప్పించుకునే దారేదని నిలదీశారు. సుంకం చిన్నదే కదా అని ఊరుకుంటే రేపటి పెద్ద పన్నుకు అదే ఆనవాయితీ అవుతుందని హెచ్చరించారు. అయితే ముందు అర్జీలు, తరువాత సరుకుల బహిష్కారం, అవన్నీ విఫలమైతేనే ఆయుధం అన్న వరుసను కూడా ఆ లేఖలే చెప్పాయి. ఆయనను అర్థం చేసుకోవడానికి ఆ వరుసే కీలకం.

1775 జులైలో అమెరికా వలసల ప్రతినిధుల సభ (కాంటినెంటల్ కాంగ్రెస్) తరఫున రాజుకు చివరి విన్నపపత్రం రాసింది ఆయనే. ఆయుధాలు ఎందుకు పట్టవలసివచ్చిందో వివరించే ప్రకటనను సహ ప్రతినిధి థామస్ జెఫర్సన్‌తో కలిసి తయారుచేసిందీ ఆయనే. రాజు ఆ విన్నపాన్ని స్వీకరించనే లేదు. ఈలోగా, డికిన్సన్‌ను అల్పబుద్ధిగా ఎద్దేవా చేస్తూ అదే సభలోని మరో ప్రతినిధి జాన్ ఆడమ్స్ రాసిన ఉత్తరం ఆంగ్లేయుల చేతికి చిక్కి పత్రికల కెక్కింది. ఆ సెప్టెంబరులో చెస్ట్‌నట్ వీధిలో ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఆడమ్స్ టోపీ తీసి వంగి నమస్కరించినా, డికిన్సన్ తన టోపీనైనా కదపకుండా సాగిపోయారు. ఈ సంగతిని ఆడమ్స్ స్వయంగా డైరీలో రాసుకున్నారు.

1776 జులై 1న ఆ సభలో డికిన్సన్ చేసిన ప్రసంగం రాజును వెనకేసుకొచ్చేది కాదు. విదేశీ మిత్రులెవరో తేలలేదు, వలసల మధ్య సమాఖ్య ఒప్పందం కుదరలేదు, ఇంతలో స్వాతంత్ర్యం ప్రకటించడమంటే కాగితపు పడవలో తుపానుకు ఎదురెళ్ళడమేనని ఆయన అభ్యంతరం. ఆ సమాఖ్య ముసాయిదా రాసే పని ఆయన చేతిలోనే ఉందన్నది గమనించాలి. మర్నాడు పెన్సిల్వేనియా ప్రతినిధులలో ఆయన, రాబర్ట్ మోరిస్ ఓటింగుకు దూరంగా ఉండటంతో, మిగిలిన ఐదుగురిలో ముగ్గురు మొగ్గు చూపి పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. తాను నమ్మనిదానికి ఓటు వేయకుండా, సభ నిర్ణయానికీ అడ్డుపడకుండా ఉండటానికి అంతకన్నా మర్యాదైన దారి నాకు కనిపించదు. పిరికివారైతే ఆ వెంటనే తమ దళాన్ని వెంటబెట్టుకుని న్యూజెర్సీకి యుద్ధానికి వెళ్ళరు.

ప్రశ్న: దాంతో ఆయన రాజకీయ జీవితం ముగిసినట్లేనా?
— అదే పాఠకురాలు

జవాబు: కొంతకాలం మసకబారింది, అంతే. 1777లో డెలావేర్ దళంలో మామూలు సిపాయిగా చేరిన ఆయన, 1781లో ఆ రాష్ట్రానికీ, మరుసటి ఏడు పెన్సిల్వేనియాకూ అధినేత అయ్యారు. 1787 రాజ్యాంగ సభలో అనారోగ్యం వల్ల ముందే ఇంటికి వెళ్ళిపోతే, సహచరుడు జార్జ్ రీడ్ ఆయన తరఫున సంతకం చేశారు.

నా దృష్టిలో ఆయనను అసలు నిలదీయవలసిన విషయం వేరే ఉంది. తమ సమ్మతి లేకుండా పన్ను కట్టేవారు బానిసలేనని ఆ రైతు లేఖలలో రాసిన నాటికి ఆయన కింద నిజమైన బానిసలున్నారు. 1777లో షరతులతో మొదలుపెట్టి, 1786లో బేషరతుగా వారికి విముక్తి పత్రాలు రాసిచ్చారు. అంటే ఆ వాక్యానికీ ఈ పత్రాలకూ మధ్య పద్దెనిమిదేళ్ళు గడిచాయి.