పాత మారుతి 800, కొత్త కార్లు: మైలేజీలో తేడా ఎందుకు తక్కువ?

ఇంజన్లు ఇంత మెరుగయ్యాక కూడా మైలేజీ రెట్టింపు ఎందుకు కాలేదంటే, ముఖ్య కారణం బరువు. 796 సీసీ మారుతి 800 సుమారు 650 కిలోలే. తలుపేస్తే రేకు డబ్బా మూసిన చప్పుడు! 2024 స్విఫ్ట్ 900 కిలోలు దాటింది. ఆరు ఎయిర్‌బ్యాగులు, వెడల్పాటి టైర్లు. అయినా మాన్యువల్ గేర్ల మోడల్‌కి కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 24.8 కిలోమీటర్లు. అంటే కొత్త ఇంజన్ చేసే ఆదాలో కొంత ఆ బరువే మింగేస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఆ బరువునంతా మళ్లీ కదిలించాలి, పెట్రోలు తాగేది అక్కడే. హైవే మీద కథ వేరు. అక్కడ అసలు ఖర్చు గాలిని చీల్చుకుంటూ పోవడానికే. నాలుగు గేర్ల 800 గోల పెడుతుంటే, ఐదో గేరున్న స్విఫ్ట్ నింపాదిగా పోతుంది. మైలేజీ కోసమే కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే పాత పరికరం) కాలం నాటి బండి కొనడం దండగనే అంటాను. దాని ట్యూనింగ్ గాడి తప్పిందంటే, ఆ బండి లీటరుకు ఎంతిస్తుందో దానికే తెలియదు.