నిమ్ము తగ్గినా ఎక్స్‌రేలో నీడ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. తాడిపత్రిలో గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నారు. బీడీ అలవాటు ఉంది. పోయిన నెలలో వణుకుతో జ్వరం, కుడి డొక్కలో పోటు, ఇటుక రంగు కళ్లె వస్తే అనంతపురంలో ఆసుపత్రిలో చేర్పించాము. బ్యాక్టీరియా వల్ల నిమ్ము చేరిందన్నారు. మూడో రోజుకే జ్వరం దిగింది కానీ, మూడు వారాల తరువాత తీసిన ఎక్స్‌రేలో ఇంకా నీడ కనిపిస్తోంది. మందు పని చేయలేదా, లేక ఆయనకు రోగనిరోధక శక్తి తగ్గిపోయిందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి మందు పని చేసింది, శరీరమూ పోరాడింది. ఎక్స్‌రేలో మీరు చూసిన నీడ చాలావరకు ఆ పోరాటం వల్ల ఏర్పడినదే.

మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా వాయుగోణులు, అంటే గాలి నిండే అతి చిన్న తిత్తులు ఉంటాయి. పీల్చిన గాలితో వచ్చే దుమ్మును, సూక్ష్మజీవులను శ్వాసనాళాల్లోని జిగురు పట్టి ఉంచితే, అక్కడి సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు దాన్ని గొంతు వైపు నెట్టేస్తాయి. బీడీ పొగ మొదట దెబ్బతీసేది ఈ శైలికలనే. వాటిని దాటి లోపలికి చేరిన సూక్ష్మజీవులను వాయుగోణుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగి జీర్ణం చేసుకుంటాయి. సూక్ష్మజీవులు ఎక్కువై తమ వల్ల కానప్పుడు అవి రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు మెదడుకు చేరితే జ్వరం వస్తుంది, రక్తనాళాల మీద పనిచేస్తే వాటి గోడలు వదులై, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కొన్ని గంటల్లోనే లక్షలాదిగా వాయుగోణుల్లోకి దిగుతాయి. వాటి వెంటే రక్తంలోని నీరూ, కొన్ని ఎర్ర కణాలూ వచ్చి గాలి ఉండవలసిన చోటును నింపేస్తాయి. మనవాళ్లు నిమ్ము అనేది దీనినే, ఎక్స్‌రేలో తెల్లని నీడగా పడేదీ ఇదే. మీరు చూసిన ఇటుక రంగు కూడా ఆ ఎర్ర కణాలు చితికి కళ్లెలో కలవడం వల్ల వచ్చినదే.

ఇలాంటి నిమ్ముకు తరచుగా కారణమయ్యే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు చక్కెర పదార్థంతో తయారైన నున్నని పొర ఉంటుంది. దాని వల్ల అది తెల్ల కణాల పట్టుకు చిక్కదు. చేపను శుభ్రం చేసేటప్పుడు చేతికి బూడిద రాసుకుంటే తప్ప అది జారిపోవడం ఆపదు కదా, ఇక్కడ ఆ బూడిద పని చేసేవి సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకునే యాంటీబాడీలు అనే ప్రోటీన్లు. అవి, రక్తంలోని మరికొన్ని ప్రోటీన్లు బ్యాక్టీరియా పొరకు అంటుకున్నాకే న్యూట్రోఫిల్స్‌కు పట్టు దొరుకుతుంది. అయితే కొత్త సూక్ష్మజీవికి సరిపోయే యాంటీబాడీలు తగినన్ని తయారు కావడానికి దాదాపు వారం పడుతుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో బతికి బయటపడిన రోగులకు ఏడు నుంచి పది రోజుల మధ్య చెమటలు పట్టి జ్వరం ఒక్కసారిగా దిగిపోయేదని పాత వైద్యులు రాసి పెట్టడానికి కారణం ఇదే. ఎందరో ఆ వారం గడవకముందే చనిపోయేవారు. ఇప్పుడు మందు బ్యాక్టీరియా సంఖ్యను అణచివేసి, శరీరం ఆ వారం నెట్టుకు రావడానికి అవకాశం ఇస్తుంది.

బ్యాక్టీరియా చచ్చినా, చచ్చిన న్యూట్రోఫిల్స్‌నూ గడ్డకట్టిన పదార్థాన్నీ తొలగించే పని మళ్లీ మాక్రోఫేజ్‌లదే, అది నిదానంగా సాగుతుంది. యాభై దాటిన వారిలో నీడ పూర్తిగా పోవడానికి ఆరు వారాలు, ఒక్కోసారి పన్నెండు వారాలు కూడా పట్టవచ్చు.

మీ నాన్నగారి విషయంలో నన్ను కలవరపెడుతున్నది ఆయన పని. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది. దాని నుంచి లేచే కంటికి కనిపించని సిలికా ధూళిని మాక్రోఫేజ్ మింగగలదు కానీ అరిగించుకోలేదు. చివరకు ఆ కణమే చచ్చిపోతుంది, బయటపడిన ధూళిని మరో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా ఏళ్ల తరబడి కాపలా కణాలు నశించిన ఊపిరితిత్తుల్లో మచ్చలు ఏర్పడతాయి, క్షయ సులభంగా పట్టుకుంటుంది. అందుచేత ఆరు వారాలకు ఎక్స్‌రే మళ్లీ తీయించండి. నీడ అప్పటికీ తగ్గకపోయినా, సాయంత్రపు జ్వరం గానీ బరువు తగ్గడం గానీ కనిపించినా, కళ్లె పరీక్ష చేయించడం ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. పనికి తిరిగి వెళ్లే ముందు ఊపిరితిత్తుల వైద్యునికి చూపించండి. ముక్కుకు తువాలు కట్టుకుంటే ఈ ధూళి ఆగదు, ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు కావాలి, రాయిని నీళ్లు పోస్తూ కోయాలి. బీడీ మాత్రం ఈ రోజే మానిపించండి.

ప్రశ్న: మా పాపకు నెల నిండింది. నిమ్ము రాకుండా టీకా ఉందంటున్నారు. ఇంత చిన్న బిడ్డకు అవసరమా?
– ఒక తల్లి, కడప

జవాబు: తప్పకుండా వేయించండమ్మా. పై జవాబులో చెప్పిన న్యుమోకాకస్ చక్కెర పొరను గుర్తించి దానికి తగిన యాంటీబాడీలు తయారు చేసే శక్తి రెండేళ్ల లోపు పిల్లలకు సరిగా ఉండదు. అందుకే పీసీవీ అనే న్యుమోకాకస్ టీకాలో ఆ పొర ముక్కలను ఒక ప్రోటీన్‌కు జతచేసి ఇస్తారు, అప్పుడు పసిబిడ్డ శరీరం కూడా వాటిని గుర్తుపట్టగలుగుతుంది. ఈ టీకాను ప్రభుత్వమే ఉచితంగా 6వ వారంలో, 14వ వారంలో, 9వ నెలలో వేయిస్తోంది. మూడో డోసు తట్టు టీకాతో పాటే పడుతుంది కనుక దానికోసం వేరుగా వెళ్లనవసరం లేదు.