ఆ గడి ఖాళీగా వదిలేముందు

చిన్నీ,

అమెరికా యూనివర్సిటీలకు మేజర్, అంటే డిగ్రీలో చదవబోయే ముఖ్య సబ్జెక్టు, ఏదీ రాయకుండా 'అన్‌డిక్లేర్డ్' (ఇంకా తేల్చుకోలేదు) అని పెట్టి అప్లై చేస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వైనా దానికి చెప్పు" అన్నాడు. నాకు గుండె దడదడలాడింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, 'నాకింకా తేలలేదు' అని మనింట్లో ఓ పిల్ల పెద్దవాళ్ల ముందు చెప్పగలిగింది కదా అని మురిసిపోయాను.

చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్, మెమోలు, టీచర్ల లెటర్లు నీకు తెలిసినవే. చివరి రాత్రిదాకా లాగకు.

నా సంగతి విను. 1981లో ఇంటర్‌లో చేరడానికి నల్లకుంట నుంచి ఒక్కదాన్నే వెళ్లాను. లెక్కలు ఇష్టమే, బయాలజీ అంటే ప్రాణం. పదో తరగతిలో మందారపువ్వును బ్లేడుతో నిలువునా కోసి బొమ్మ వేసిన నోట్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పుప్పొడి మరక ఆ పేజీకి పచ్చగా అంటుకునే ఉంది. కౌంటర్లో గుమస్తా "ఏ గ్రూపమ్మా?" అన్నాడు. వెనక పెద్ద లైను. ఎంపీసీనా, బైపీసీనా? నోరు పెగల్లేదు. "మీ ఇష్టం సార్" అన్నాను. ఆయన తలెత్తకుండా, సీట్లు మిగిలిన సీఈసీ అని ఎర్ర పెన్సిలుతో రాసేశాడు. ఇంట్లో చెప్పడానికి భయపడ్డాను. ముప్పై మూడేళ్లు అకౌంట్స్ సెక్షన్లో బిల్లులు చూశాను. ఆయన మీద కోపం లేదు తల్లీ. నోరు విప్పనిది నేనే.

నువ్వూ అదే చేస్తున్నావని అనను. అక్కడ చాలాచోట్ల రెండో ఏడాది చివరికి మేజర్ చెబితే చాలు. పర్డ్యూ యూనివర్సిటీలో తేల్చుకోని పిల్లల కోసమే ఎక్స్‌ప్లోరేటరీ స్టడీస్ అనే ప్రోగ్రామ్ ఉంది. కానీ సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కంప్యూటర్ సైన్స్ మొదట్లోనే రాకపోతే తర్వాత మారడం చాలా కష్టం. నీ మనసులో ఏ మూలైనా కంప్యూటర్స్ ఉంటే అలాంటి చోట ఖాళీగా వదలకు. ఒక్కో కాలేజీ రూల్సు విడివిడిగా చూసుకో. బద్ధకించావంటే ఊరుకోను.

అప్లికేషన్‌తో పంపే ఎస్సేలో 'తెలియదు' అని ఆపేయకు. మూసీ నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి రంగూ వాసనా రాసుకున్నావు, ఆ ఒడ్డున కూరగాయలు పండించే అవ్వ చెప్పిన కథా రాసుకున్నావు. కెమిస్ట్రీ, సోషియాలజీ రెండూ లాగుతున్నాయని రాయి. రేపు నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఆఫీసర్ అడిగినా అదే చెప్పు.

పంపేముందు ఆ పేరా నాకు ఫోన్లో చదివి వినిపించు. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ అత్తయ్య