ఎర్ర డీజిల్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

నీ పడవ ఫోటోలు చూశాం. మీ పెద్దమ్మ ఆ వంటగది కిటికీ ఒక్కటే పదిసార్లు జూమ్ చేసి చూసుకుంది. నువ్వు చివర్లో అడిగిన మాటకే ఈ ఉత్తరం. "డీజిల్ పోసేవాడు సిక్స్‌టీ ఫార్టీనా అన్నాడు, ఊ అనేశాను పెదనాన్నా, తప్పా?"

తప్పేం కాదు. కానీ ఏమడిగాడో తెలియకుండా ఊ అనడం మానుకో.

ఇంగ్లండ్ కాలువల్లో మన పడవలకి పోసేది ఎర్ర డీజిల్. పన్ను రాయితీ ఉన్న సరుకని తెలియడానికి దానికి ఆ రంగు కలుపుతారు. 2008 అక్టోబరు దాకా సొంత పడవలవాళ్ళు ఆ రాయితీతోనే ఇంజను నడుపుకున్నారు. నవంబరు 1 నుంచి పడవ నడవడానికి కాలే డీజిల్‌కి పూర్తి పన్ను పడింది. చలి కాచుకోడానికి, కరెంటుకి, వేడినీళ్ళకి అయ్యేదానికి మాత్రం రాయితీ ఉంది. ట్యాంకు చూస్తే ఒకటే. అందుకే దేనికెంతో కొనేవాళ్ళే చెప్పి సంతకం పెట్టాలి. కాగితం అమ్మినవాడు దాచుకుంటాడు గానీ, అందులో వేసిన అంకెకి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే.

వాడడిగిన సిక్స్‌టీ ఫార్టీ ఇదే: నూటికి అరవై పడవ నడకకి, నలభై పడవలో ఇంటి వాడకానికి. అది చట్టం కాదమ్మా. సగటు పడవకి సరిపోతుందని పన్నులవాళ్ళు ఒప్పుకుంటూ వస్తున్న లెక్క. నీ పడవ సగటుదో కాదో నువ్వే చూసుకోవాలి.

డబ్బు సంగతి చెప్తాను. 2022 మార్చిలో తగ్గించినప్పుడు పూర్తి పన్ను లీటరుకి 52.95 పెన్నీలు, రాయితీ పన్ను 10.18 అయ్యాయి. తేడా దగ్గర దగ్గర 43 పెన్నీలు. ఆ లెక్కన వంద లీటర్లకి నడక అరవై అని రాస్తే అదనంగా పాతిక పౌన్ల పైన, ఇరవై రాస్తే ఎనిమిదిన్నర. ఈ తేడా చూసే చాలామందికి చెయ్యి దురద పెడుతుంది.

నా పడవ లెక్క విను. నవంబరు నుంచి జనవరి దాకా పద్నాలుగు రోజులకోసారి చోటు మార్చడమే, మొత్తం పద్దెనిమిది గంటల ప్రయాణం. గంటకి లీటరున్నర చొప్పున 27 లీటర్లు. కట్టేసిన చోటే బ్యాటరీల కోసం రోజూ రెండు గంటలు ఇంజను తిప్పితే, గంటకో లీటరు చొప్పున 180. అంటే నడకకి నూటికి పదమూడే. అదే జూన్‌లో ఇరవై రోజులు తిరిగితే ఇంచుమించు అంతా నడకకే పోతుంది. ప్రయాణంలో బ్యాటరీలు ఎలాగూ నిండుతాయి. ఆ డీజిల్‌లో కొంత ఇంటికి లాగుదామని నేనెప్పుడూ చూడను, మొత్తం నడక ఖాతాలోనే వేస్తాను. చలికాలం అంకె తెచ్చి ఎండాకాలం కాగితం మీద రాయడం మాత్రం అబద్ధమే. దొరికితే జరిమానా ఉంటుంది.

ఇదంతా నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. ఇంజను గంటల మీటరు పక్కనే మేకుకి ఒక నోటుబుక్కు వేలాడదియ్యి. బయల్దేరేటప్పుడు ఒక రీడింగు, కట్టేశాక ఒకటి. నా పుస్తకం గ్రీజు మరకలతో అసహ్యంగా ఉంటుంది, మీ పెద్దమ్మ రెండుసార్లు పారేయబోయింది. రీడింగ్ పక్కన "న" అనో "ఇం" అనో రాస్తా, నడక, ఇల్లు అని. లాకుల దగ్గర ఆగితే అదీ నడకే. (కాలువలో నీటి మట్టం మార్చే తలుపుల్ని లాకులని ఇక్కడా అంటారు, మన గోదావరి జిల్లాల్లోనూ అంటారు. ఆ మాట వింటే నాకు ఇల్లే గుర్తొస్తుంది.)

ఒకసారి చలికాలంలో ఒక మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, నడకకి ఇరవై రాయమన్నాను. "ఇక్కడ అరవై నలభై ఒక్కటే, ఇష్టమైతే పోయించుకోండి" అన్నాడు అక్కడ డీజిల్ పోసేవాడు. పుస్తకం చూపించినా వినలేదు. పోట్లాడటం దండగని అవసరానికి ముప్పై లీటర్లు పోయించుకుని, మిగతాది ఆ వారమే వచ్చిన, కాలువ వెంట డీజిల్ అమ్ముకుంటూ తిరిగే పడవ దగ్గర కొన్నాను. అక్కడ నేను చెప్పిన అంకె రాసుకుని కాగితం ఇచ్చాడు. కాబట్టి ధర అడిగే ముందే, అంకె మనమే చెప్పుకోవచ్చా అని అడుగు. లీటరు ధర చెప్పేటప్పుడు అది ఏ లెక్కన చెప్తున్నాడో కూడా అడుగు. రాయితీ ధర బోర్డు మీద పెట్టి, బిల్లులో ఇంకోటి వేసేవాళ్ళున్నారు.

ఉత్తర ఐర్లండ్ వైపు వెళ్తే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ 2021 నుంచి సొంత పడవ నడకకి ఎర్ర డీజిల్ వాడనివ్వరు. వెళ్ళే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మళ్ళీ డీజిల్ పోయించుకునేలోపు గంటల మీటరు ఫోటో ఒకటి, ట్యాంకులో కర్ర ముంచి తీసిన మట్టం ఫోటో ఒకటి పంపు. తొలి పేజీ నేనే రాసిస్తాను.

మీ పెదనాన్న