పొడవాటి మెలికల సముద్రపు నత్త పెరిగేకొద్దీ గుల్ల మారుస్తుందా?

మార్చదు, పిల్లగా ఉన్నప్పటి గుల్లనే చివరిదాకా పెంచుకుంటూ పోతుంది. నత్త ఒంటి మీదుండే మాంటిల్ అనే పొర అంచు నుంచి కాల్షియం కార్బొనేట్ ఊరి గుల్ల నోటి దగ్గర కొత్త అంచుగా గట్టిపడుతుంది, ఒళ్లు పెరిగేకొద్దీ ఆ నోరూ వెడల్పవుతుంది కాబట్టి ప్రతి చుట్టూ దాని ముందు చుట్టు కంటే కాస్త పెద్దదిగా వస్తుంది.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో గవ్వలమ్మే చోట స్క్రూలా సన్నగా ఉండే టరిటెల్లా గుల్ల కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి. సూదిలాంటి మొనే అన్నిటికంటే పాత భాగం. గుల్ల చుట్టూ తిరిగే గట్లను కాదు, వాటికి అడ్డంగా, నోటి అంచు వంపులోనే ఉండే సన్నటి గీతల్ని చూడాలి, పెరుగుదల గుర్తులు అవే.

మరి గుల్లలు మారుస్తుందని ఎందుకంటారు? ఇసుకలో గుల్ల గబగబా నడుస్తూ కాళ్లు బయటపెడితే చాలామంది నత్తే అనుకుంటారు, నిజానికి అది ఖాళీ గుల్లలో దూరిన హెర్మిట్ క్రాబ్, అంటే పీత. ఒళ్లు పట్టకపోతే వేరే గుల్ల వెతుక్కునేది అదే! నత్త మాత్రం గుల్ల లోపలి నడిమి కాడకు కండరంతో అతుక్కుని ఉంటుంది, బలవంతంగా లాగితే చచ్చిపోతుంది. నోటి అంచు కాస్త విరిగినా గుల్ల వదలదు, అక్కడి నుంచే మళ్లీ కట్టుకుంటుంది.