మద్రాసు తెలుగులో ర్యాప్ రాయొచ్చా?

ప్రశ్న: అమ్మా, మాది చెన్నై వ్యాసర్పాడి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగులో ర్యాప్ రాస్తుంటాను. హైదరాబాద్‌లో ఉన్న మా బావ విని, "అమెరికా వాళ్లను కాపీ కొడుతున్నావు, పైగా నీది అరవ తెలుగు" అన్నాడు. బీట్‌లో డప్పు కలిపితే లోకల్‌గా ఉంటుందా?
- ఒక పాఠకుడు

జవాబు: డప్పు కావాలంటే పెట్టుకో బాబూ. నెట్‌లో దొరికే శాంపిల్ మాత్రం వద్దు. మీ పేటలో వాయించేవాళ్లను అడిగి, డబ్బిచ్చి, పాట కింద వాళ్ల పేరు వేసి రికార్డు చెయ్యి. అయితే పాటకు ఊరి వాసన ముందు నోటి నుంచి రావాలి.

కాపీ అన్న మాటకు నువ్వు కుంగిపోవద్దు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో చెల్లెలు పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పాడు. ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్ పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెడతారు. ఆ హెర్క్ పుట్టింది జమైకాలో. పెద్ద స్పీకర్లు పెట్టి, మైకులో మాట కలిపి జనాన్ని ఊపడం అక్కడ చూసిన విద్యే. కానీ బ్రాంక్స్ పిల్లలకు జమైకా సంగీతమైన రెగే ఎక్కలేదు. దాంతో వాళ్లకు నచ్చే, కాలు ఆడించే ఫంక్ పాటలు తీసుకుని, వాటిలో డ్రమ్స్ మోగే ముక్కను రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద మళ్లీ మళ్లీ తిప్పాడు. పుట్టినచోటే అది వలసవచ్చినవాడి చేతిలో మారిన సంగీతం!

నువ్వున్నది ఉత్తర చెన్నైలో. చావింట రాత్రంతా పాడే గానా మీ పేటల సొత్తు. సినీ దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం 2018 జనవరిలో ఆ గానానూ ర్యాప్‌నూ రాక్‌నూ ఒకే వేదిక ఎక్కించింది. అందులో పాడిన ర్యాపర్ అరివు 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాటకు శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన తన అవ్వ బతుకునే తీసుకున్నాడు. ఆ పాట నాకు ప్రాణం. సొంత ఇంటి కథ చెప్పినందుకే అది అన్ని ఊళ్లకూ చేరిందని నా నమ్మకం.

ఇక తెలుగులో ఒక చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి వచ్చాడు, చూశాడు, పోయాడు అంటూ అంత్యప్రాస ఊరికే పడుతుంది. ఎనిమిది పాదాలు దాటేసరికి చెవి విసుగెత్తుతుంది. అందుకని మన పద్యకవుల ప్రాస పట్టుకో, పాదంలో రెండో అక్షరం కలపాలి:

కాలువ గట్టున మా ఇల్లు
కూలికి పోయే మా నాన్న
చాలని జీతం, చీకటి మెట్లు

మూడుచోట్లా 'ల' తగులుతోంది, చివరలు మాత్రం స్వేచ్ఛగా ఉన్నాయి. ర్యాప్‌కు ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది.

అరవ తెలుగు అన్నందుకు సిగ్గుపడకు. తరాలుగా మద్రాసులో బతికిన తెలుగు కుటుంబాలు మాట్లాడే భాష అది, దాన్ని పాటలో వినాలని నాకెంతో ఆశ. అమ్మ కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు ఆవిణ్ని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకో. తెలుగు నుంచి తమిళంలోకి ఎక్కడ దూకుతుందో, ఏ మాట సాగదీస్తుందో విను. తర్వాత నువ్వు రాసింది బీట్ లేకుండా పైకి చదువు. ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ పాదం విరువు. బీట్ వేగం ఆ తర్వాత చూసుకోవచ్చు.